పాలపళ్లు రాలే నెలలు: కుక్కపిల్ల నోటి గురించి మీ ప్రశ్నలు

కుక్కపిల్లల పళ్ల మీద చెన్నై పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం. ఒకే రకం ప్రశ్నలు కలిపి ఒక్కటిగా వేశాం.

మా ల్యాబ్రడార్ ఆడపిల్లకు నాలుగు నెలలు నిండాయి. మొన్న ఇల్లు ఊడుస్తుంటే బియ్యపు గింజంత పన్ను దొరికింది. నీళ్ల గిన్నెలో సన్నగా రక్తపు చార కనిపించింది. గుమ్మంలోని కొబ్బరిపీచు పట్ట, చెప్పులు, కుర్చీ కాళ్లు, ఏదీ వదలడం లేదు. ఇది జబ్బా? ఎన్నాళ్లుంటుంది? – పాఠకురాలు, వేళచ్చేరి

జబ్బు కాదు. పాలపళ్లు రాలుతున్నాయి. కుక్కపిల్ల పుట్టినప్పుడు బోసినోరే. మూడో వారం నుంచి పాలపళ్లు మొలవడం మొదలై, రెండు నెలలు నిండేలోపు 28 పళ్లూ వచ్చేస్తాయి. పెద్ద కుక్కకు 42 ఉంటాయి. కోరపన్నును ఆనుకుని ఉండే మొదటి చిన్న దవడపన్నుకూ, బాగా వెనక ఉండే పెద్ద దవడపళ్లకూ పాలపన్నంటూ ఉండదు. అవి నేరుగా అసలువే మొలుస్తాయి. ఆ పద్నాలుగూ కలిస్తే లెక్క సరిపోతుంది.

ముందుపళ్లు మూడో నెల నుంచి ఐదో నెల లోపల మారతాయి. కోరపళ్లు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య, దవడపళ్లు నాలుగు నుంచి ఏడు నెలల మధ్య వస్తాయి. మీ పిల్ల ఇప్పుడు నట్టనడుమ ఉంది. ఇంకో రెండు మూడు నెలలు ఇలాగే కొరుకుతుంది.

కింద నుంచి అసలు పన్ను తోసుకొస్తుంటే పాలపన్ను వేరు కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. చివరికి పైభాగం మాత్రమే ఊడి పడుతుంది. మీకు దొరికిన పన్ను కింద వేరు లేకుండా గుల్లగా ఉన్నది అందుకే. చాలా పళ్లు మీకు దొరకనే దొరకవు. అన్నంతో పాటు మింగేస్తుంది. దానివల్ల ఏ హానీ లేదు. బొమ్మ మీద, నీళ్లలో ఒకటి రెండు రక్తపు మరకలు, ఎక్కువ చొంగ, ఎర్రబడిన చిగుళ్లు, గట్టి తిండి దగ్గర కాస్త తటపటాయింపు, ఇంతవరకూ మామూలే.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. వారానికొకసారి, ఒకే రోజున, నోరు చూడండి. పిల్ల ఆడి అలిసి పడుకున్న వేళ పక్కన కూర్చుని బొటనవేలితో పై పెదవి ఎత్తండి. దవడలు బలవంతంగా తెరవక్కర్లేదు. ముందు, కుడి, ఎడమ వైపులు ఒక్కొక్కటి ఐదు సెకన్లు చూస్తే చాలు. ఒకే చోట రెండు పళ్లు పక్కపక్కన ఉన్నాయా, ఏదైనా విరిగిందా, చిగురు ఉబ్బి చీము పట్టిందా అన్నవి చూసుకోవాలి. ప్రతిసారీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే ‘ఎప్పటి నుంచి’ అన్న ప్రశ్నకు జవాబు ఆ ఫోటోల్లోనే దొరుకుతుంది.

కొబ్బరిపీచు పట్ట మాత్రం ఈరోజే తీసేయండి. మింగిన పీచు పేగులో ఉండకట్టుకుని అడ్డుపడుతుంది.

కొరకడానికి ఏమివ్వాలి? మా అత్తగారు మటన్ బొమికలు ఇస్తే పళ్లు గట్టిపడతాయంటున్నారు. షాపులో జింక కొమ్ము ముక్క, తోలు బొమిక చూపించారు. పక్కింటివాళ్లు ఐస్ ముక్కలు వేయమంటున్నారు. – పెరంబూరు

బొమిక కొరికితే పళ్లు గట్టిపడవు. పన్ను గట్టిదనం అది చిగురు లోపల తయారవుతున్నప్పుడే తేలిపోతుంది. వండిన బొమిక సూదుల్లా చీలుతుంది. గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. పచ్చి బొమికైనా, కొమ్మైనా, గిట్టైనా పన్ను కంటే గట్టివే. పై దవడలో అన్నిటికంటే పెద్దదైన నాలుగో చిన్న దవడపన్ను పెంకులా చీలిపోవడానికి తరచూ కారణం ఇవే. ఐస్ ముక్కలదీ అదే దోషం. తోలు బొమిక నాని మెత్తబడి, పెద్ద ముక్కగా ఊడి గొంతుకు అడ్డం పడుతుంది. ఆరు నెలల లోపు పిల్లకు అది వద్దనే చెబుతాం.

కొనేముందు రెండు పరీక్షలు చేయండి. గోటితో నొక్కితే నొక్కు పడాలి. దానితో మీ మోకాలి చిప్ప మీద కొట్టుకుంటే నొప్పెట్టకూడదు. ఈ రెండింటిలో నెగ్గనిది ఎంత ఖరీదైనదైనా కొనకండి.

ఇంట్లోనే చేసుకోగలిగిన వాటిలో తడి గుడ్డ ముడికి సాటి లేదు. పాత నూలు తువ్వాలులోంచి జానెడు వెడల్పు, మూరెడు పొడవు ముక్క కత్తిరించి, అంచులు మడిచి కుట్టండి. కుట్టకపోతే దారాలు ఊడొస్తాయి. మింగిన దారం ఒక కొస ఎక్కడో చిక్కుకుంటే పేగు దాని మీద కుచ్చిళ్లలా ముడుచుకుపోయి కోసుకుంటుంది. అప్పుడు ఆపరేషన్ తప్ప దారి లేదు. గుడ్డను నీళ్లలో ముంచి గట్టిగా పిండండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ నీళ్లలో ముంచితే పిల్లకు మరీ ఇష్టం. మధ్యలో ఒక ముడి వేసి ఫ్రీజర్‌లో గంట, గంటన్నర పెట్టండి. నీళ్లు కారుతుండగా పెడితే రాయిలా గడ్డకడుతుంది, అందుకే పిండమన్నది. పది పదిహేను నిమిషాలు మీ కళ్ల ముందే కొరకనిచ్చి, మెత్తబడగానే తీసేసుకోండి. చెన్నై ఉక్కకు తడిగుడ్డ ఒక్క పూటలో వాసన పట్టేస్తుంది. వాడిన ప్రతిసారీ సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి. మూడు గుడ్డలుంటే ఒకటి ఫ్రీజర్‌లో, ఒకటి తీగ మీద, ఒకటి పిల్ల నోట్లో.

లావుపాటి ఊటీ క్యారెట్ కూడా మంచిదే. ఫ్రీజర్‌లో కాకుండా ఫ్రిజ్‌లో చల్లబరచండి. ముక్కలు చేయకుండా మొత్తం ఇచ్చి, రెండో కొస మీరు పట్టుకోండి. బొటనవేలంత మిగలగానే తీసేయాలి. గబగబా మింగే స్వభావమున్న పిల్లకు క్యారెట్ తురిమి అన్నంలో కలపడమే క్షేమం.

కొనేదైతే లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మ కొనండి. కాంగ్ లాంటి కంపెనీల బొమ్మల్లో కుక్కపిల్లల కోసం మెత్తటి రబ్బరుతో చేసినవి వేరే ఉంటాయి. అవే తీసుకోవాలి. కోరపళ్లు దాటి నోట్లోపలికి పోనంత పెద్దదిగా ఉండాలి. నానబెట్టిన డాగ్‌ఫుడ్‌లో ఒకటి రెండు చెంచాల పెరుగు కలిపి బోలులో కూరి, రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి. ఆ తిండి రోజువారీ కొలతలోంచే తీయాలి. పీనట్ బటర్ కూరాలనుకుంటే డబ్బా మీద జైలిటాల్ అని గానీ, బర్చ్ షుగర్ అని గానీ ఉందేమో చదవండి. ఆ తీపి పదార్థం కుక్కకు విషం. అరగంటలో షుగర్ పడిపోయి ఫిట్స్ రావచ్చు. టెన్నిస్ బంతి మీది నూగు పళ్లను ఆకురాయిలా అరగదీస్తుంది. విసరడానికి వాడండి, నమలడానికి వదలకండి.

ఇక మన ఇళ్లలో చెత్తబుట్ట వాసన పట్టి లాక్కొచ్చుకునేవి ఉన్నాయి. మామిడి టెంక, మొక్కజొన్న కంకి బెండు, చెరకు పిప్పి, కొబ్బరి చిప్ప, నమిలేసిన ములక్కాయ తొక్కలు. వీటిలో టెంకా, బెండూ మరీ ప్రమాదం. గొంతు దాటతాయి, పేగు దాటవు. ఎండాకాలమంతా చెత్తబుట్టకు మూత ఉండాల్సిందే. వేపపుల్ల మనకు మంచిదే గానీ దానికి కాదు. పేడులు అంగిట్లో గుచ్చుకుంటాయి.

ఏడో నెల వచ్చిన మా పామరేనియన్‌కు నాలుగు కోరపళ్ల దగ్గరా రెండేసి పళ్లున్నాయి. వాటంతటవే రాలతాయా? కదిపి పీకేయవచ్చా? – కోడంబాక్కం

పీకకండి. ఇక వాటంతటవి రాలతాయని ఎదురుచూడకండి కూడా. పామరేనియన్, షిట్జు, మాల్టీస్, యార్క్‌షైర్ టెరియర్, చివావా లాంటి చిన్న జాతుల్లో ఇది ఎక్కువ. అసలు పన్ను సరిగ్గా పాలపన్ను కిందే కాక కాస్త పక్కగా మొలిస్తే, పాలపన్ను వేరు కరగదు. ఒక పన్ను చోట ఒక్కటే ఉండాలన్నది లెక్క. పాలపన్ను కదులుతుంటే ఒకటి రెండు వారాలు చూడొచ్చు. అసలు పన్ను సగం పైకి వచ్చాక కూడా కదలిక లేదంటే డాక్టరుకు చూపించాలి. మీ కుక్క ఆ గడువు దాటింది.

ఏది ఏదో గుర్తుపట్టడం కష్టం కాదు. సన్నగా, సూదిలా ఉండేది పాలపన్ను. లావుగా, తెల్లగా ఉండేది అసలుది. పై దవడలో అసలు కోర పాలకోరకు ముందువైపు వస్తుంది. కింది దవడలో నాలుక వైపు వస్తుంది. కింది పాలకోర రాలకపోతే అసలు కోర లోపలికే ఉండిపోయి, నోరు మూసినప్పుడల్లా అంగిలిని పొడుస్తుంది. అలాగే వదిలేస్తే అక్కడ గుంట పడి, ముదిరితే ముక్కులోకే రంధ్రం పడవచ్చు. పై దవడలో రెండు పళ్ల సందులో తిండీ వెంట్రుకలూ ఇరుక్కుని చిగురు కుళ్లుతుంది.

ఇంట్లో ఎందుకు పీకకూడదంటే, పైకి కనిపించే దానికంటే పాలకోర వేరు చాలా పొడవు. సన్నగా వంకర తిరిగి ఉంటుంది. లాగితే పైది ఊడొచ్చి వేరు లోపలే విరుగుతుంది. పక్కనే ఉన్న అసలు పన్నుకు దెబ్బ తగులుతుంది. డాక్టరు పూర్తి మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తీసి, వేరు చుట్టూ పట్టు సడలించి, మొత్తంగా తీస్తారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఎలాగూ చేయించాలనుకుంటుంటే ఒకే మత్తులో రెండూ చేయించవచ్చు. అయితే కోర అంగిలిని పొడుస్తుంటే దానికోసం ఆగకండి. మత్తుకు ముందు ఎన్ని గంటలు పస్తుంచాలో కచ్చితంగా అడిగి తెలుసుకోండి. ఇంత చిన్న కుక్కను రాత్రంతా పస్తుంచితే షుగర్ పడిపోవచ్చు. పళ్లు తీయించాక రెండు వారాలు మెత్తటి తిండే పెట్టాలి, కొరికే బొమ్మలు దాచేయాలి. మీ దగ్గరి క్లినిక్‌లో పళ్ల ఎక్స్‌రే లేకపోతే, అది ఉన్న చోటికి రాసివ్వమని అడగండి. 1903లో మొదలైన మద్రాసు వెటర్నరీ కాలేజీకి వేపేరిలో పెద్దాసుపత్రి ఉంది. అక్కడా కనుక్కోవచ్చు.

పళ్లు వచ్చే వయసు కదా అని మా ఐదు నెలల జర్మన్ షెపర్డ్‌కు రోజూ క్యాల్షియం సిరప్ పోస్తున్నాం. డాగ్‌ఫుడ్ కూడా తింటున్నాడు. మోతాదు పెంచాలా? – అంబత్తూరు

పెంచవద్దు, ఆపేయండి. ఈ ఉత్తరాలన్నిటిలోనూ మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది ఇదే, ఎందుకంటే మంచి చేస్తున్నామనుకునే చేస్తున్నారు. పెద్ద కుక్క శరీరం అక్కర్లేని క్యాల్షియాన్ని పేగు దగ్గరే చాలావరకు ఆపగలదు. ఆరు నెలల లోపు పిల్లకు ఆ అదుపు ఇంకా రాదు. పోసినదాంట్లో చాలాభాగం ఒంట్లోకి పోతుంది. జర్మన్ షెపర్డ్, ల్యాబ్రడార్, రాట్‌వీలర్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల్లో ఆ ఎక్కువైన క్యాల్షియం ఎముకల చివర్లలోని మృదులాస్థిని పాడు చేసి, కాళ్లు వంకరపోవడానికీ కుంటడానికీ దారితీస్తుంది. పళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. పెద్ద జాతి పిల్లల కోసమని రాసి ఉన్న సంపూర్ణాహారంలో కావలసినంత క్యాల్షియం కొలత ప్రకారం కలిపే ఉంటుంది.

దీనికి తలకిందులు తప్పు కూడా చాలా ఇళ్లలో జరుగుతుంటుంది. పాలన్నం, పెరుగన్నం, లేదా వట్టి చికెన్‌తోనే పిల్లను పెంచితే క్యాల్షియం నిజంగానే చాలదు. అప్పుడు శరీరం ఎముకల్లోంచి, దవడ ఎముకలోంచి కూడా, లాక్కుంటుంది. అలాంటప్పుడు కూడా సిరప్ మోతాదు మీరు ఊహించి పోయకండి. ఏం పెడుతున్నారో వారం రోజులు రాసి డాక్టరుకు చూపిస్తే, తిండినే సరిచేసి ఇస్తారు.

జర్మన్ షెపర్డ్ చెవులు నిలబడినవి మళ్లీ వాలిపోయాయి. టేపు వేయాలా? – విల్లివాక్కం

పళ్లు మారే నెలల్లో చెవులు లేవడం, పడటం, ఒకటి లేచి ఒకటి వాలడం మామూలే. పళ్లన్నీ వచ్చేదాకా, అంటే ఏడో నెల దాకా, ముట్టుకోకండి. దీనికీ క్యాల్షియం సిరప్ మందు కాదు.

మా నాలుగు నెలల బీగిల్ మా ఆరేళ్ల పాప చేతులు, గౌను అంచులు కొరుకుతోంది. నిన్న పంటి గాటు పడి రక్తం చుక్క వచ్చింది. పాలపళ్లే కదా, పట్టించుకోవాలా? – షోళింగనల్లూరు

ముందు గాటు సంగతి. చర్మం తెగితే, పాలపళ్లైనా, ఇంట్లో పెరిగే పిల్లైనా, ట్యాపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగండి. పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టకండి. ఆ రోజే పాపను ఆసుపత్రికి తీసుకెళ్లండి. నిన్నటిదైనా ఇవాళ వెళ్లండి, ఆలస్యమైందని మానేయకండి. కుక్కపిల్లకు రేబిస్ టీకా మూడో నెల నిండాకే వేస్తారు. వేసిన వెంటనే రక్షణ రాదు. వెళ్లేటప్పుడు దాని టీకాల పుస్తకం తీసుకెళ్లండి. రక్తం రాని గీతకూ టీకా అవసరం కావచ్చు. చర్మం లోపలికి దిగిన గాటైతే టీకాతో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌తో పోరాడే, ముందే తయారైన రక్షక పదార్థం) కూడా ఇస్తారు. ఏది కావాలో తేల్చాల్సింది డాక్టరు. రేబిస్ వచ్చాక మందు లేదు కాబట్టి ఇక్కడ మాత్రం మొహమాటం, బద్ధకం పనికిరావు.

ఇక కొరకడం. తోబుట్టువులతో ఆడేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండోది కీచుమని ఆట ఆపేస్తుంది. పిల్లకు నోటి బలం కొలుచుకోవడం అక్కడే వస్తుంది. ఎనిమిది వారాల లోపే తల్లి నుంచి విడదీసిన పిల్లకు ఆ పాఠం పూర్తి కాదు. దాన్ని మీరు పూర్తి చేయాలి. పళ్లు చర్మానికి తగలగానే చేయి కదలకుండా ఉంచండి. లాక్కుంటే అది వేటాడే ఆట అయిపోతుంది. మాట్లాడకుండా ముఖం తిప్పుకుని ఇరవై, ముప్పై సెకన్లు నిలబడండి. తర్వాత రబ్బరు బొమ్మ అందించండి. దాన్ని పట్టుకుంటే మెచ్చుకోండి. రోజుకు ఇరవై సార్లయినా ఇంతే. ఇంట్లో అందరూ ఇలాగే చేయాలి. తాతగారు సాయంత్రం చేతులతోనే కుస్తీ ఆడిస్తే పొద్దున మీరు నేర్పింది పోతుంది. మూతి మీద కొట్టడం, నోరు నొక్కిపట్టడం చేస్తే చిగుళ్ల నొప్పికి తోడు భయం చేరుతుంది. భయపడ్డ కుక్క కొరుకు వేరే రకం.

సాయంత్రం ఏడూ ఎనిమిది మధ్య పిచ్చిగా పరుగెత్తి అందరినీ కొరుకుతోందంటే అది చాలావరకు నిద్ర చాలకే. ఈ వయసు పిల్ల రోజుకు పద్దెనిమిది గంటల దాకా పడుకోవాలి. చీకటిగా, చల్లగా ఉన్న మూల చూపించి వదిలేయండి. పాపనూ పిల్లనూ పెద్దవాళ్లు లేకుండా ఒకే గదిలో ఉంచకండి. తాడు లాగే ఆట ఆడొచ్చు గానీ ఈ నెలల్లో మెల్లగా, అడ్డంగా మాత్రమే. పైకి ఎత్తి గుంజితే కదులుతున్న పన్ను విరుగుతుంది.

నొప్పికి పసిపిల్లల చిగుళ్లకు రాసే జెల్ రాయొచ్చా? లవంగ నూనె? పారాసిటమాల్ చుక్కలు? – టి.నగర్

మూడూ వద్దు. ఆ జెల్‌లలో ఉండే బెంజోకైన్ రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీయగలదు. రాసింది రాసినట్టు నాకి మింగుతుంది. లవంగ నూనె చిగురును కాలుస్తుంది. పారాసిటమాల్ మోతాదు మీరితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను పాడు చేస్తాయి. చల్లటి గుడ్డ ముడి ఈ నొప్పికి చాలు. దానికి తగ్గనంత నొప్పి ఉంటే అది పళ్లు రావడం వల్ల కాకపోవచ్చు. డాక్టరు నోరు చూడాలి.

మూడున్నర నెలల పిల్ల రెండు రోజుల నుంచి తినడం లేదు. మూడుసార్లు వాంతి, నీళ్ల విరేచనాలు. పళ్లు వచ్చేటప్పుడు అంతేనని తెలిసినవాళ్లంటున్నారు. – తాంబరం

అంతే కాదు. ఇది చదివే వేళకు ఇంకా చూపించకపోతే ఇప్పుడే బయల్దేరండి. పళ్లు వచ్చేటప్పుడు ఒక పూట తిండి తగ్గుతుంది. వాంతులు, విరేచనాలు, జ్వరం, మూలన పడి లేవకపోవడం పళ్ల వల్ల రావు. ఈ వయసులో మొదట అనుమానించాల్సింది పార్వో, అంటే పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు. విరేచనంలో రక్తం ఉంటే గంటలు లెక్కపెట్టాల్సిన పరిస్థితి. క్లినిక్‌లో మలంతో చేసే చిన్న పరీక్ష కొద్ది నిమిషాల్లో తేల్చేస్తుంది. మలద్వారంలో థర్మామీటర్ పెడితే 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు. 103 దాటినా, 99 కంటే పడిపోయినా ఆలస్యం చేయకండి. ముందు ఫోను చేసి లక్షణాలు చెబితే మిగతా కుక్కలకు దూరంగా కూర్చోబెడతారు. టీకాల వరుస 16 వారాలు నిండేదాకా పూర్తి కానట్టే. మధ్యలో ఒకటి తప్పినా రక్షణలో సందు ఉన్నట్టే.

ఛార్జర్ వైర్లు, బాల్కనీలోని మొక్కలు కొరికేస్తోంది. కారం రాస్తే మానుతుందా? – అన్నానగర్

కారం రాయకండి. అసలే మండుతున్న చిగుళ్లు, చేయి తగిలితే కళ్లూ. వైర్లను మంచం వెనక్కి మళ్లించండి, వీలుకానివి పీవీసీ గొట్టంలోకి ఎక్కించండి, వాడనప్పుడు ప్లగ్గు తీసేయండి. కరెంటు వైరు కొరికిందని తెలిస్తే ముందు మెయిన్ ఆపి, తర్వాతే పిల్లను ముట్టుకోండి. నోటి మూలల్లో, నాలుక మీద తెల్లగానో పసుపుగానో కాలిన మచ్చ కనిపిస్తుంది. పైకి బాగానే తిరుగుతున్నా ఊపిరితిత్తుల్లో కొన్ని గంటల తర్వాత నీరు చేరవచ్చు కాబట్టి ఆ రోజే చూపించాలి.

మొక్కల్లో గన్నేరు, ఎడీనియం గుండెను ఆపగలవు. సైకస్ గింజ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఈ మూడూ ఇంట్లోంచి బయటికి పోవాలి. డైఫెన్‌బేకియా, మనీప్లాంట్ నోరు మండించి వాచేలా చేస్తాయి. వాటిని పైకి ఎత్తిపెట్టండి. రిమోటులోని బ్యాటరీ సెల్ కొరికినా, విషపు మొక్క తిన్నా ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. మిగిలిన ఆకు ముక్కనో, డబ్బానో తీసుకుని క్లినిక్‌కు వెళ్లండి.

బోనుకు కట్టిన ఇనప ఊచ కొరికి పై పాలకోర విరిగింది. మధ్యలో ఎర్రటి చుక్క కనిపిస్తోంది. ఎలాగూ రాలిపోయేదే కదా? – పోరూరు

రాలిపోయేదే, కానీ అది రాలేదాకా ఆగకూడదు. ఆ ఎర్రచుక్క పంటి లోపలి గుజ్జు. కొన్ని రోజులకు నల్లబడుతుంది, అంటే గుజ్జు చచ్చిందని. ఆ దారిలో సూక్ష్మక్రిములు వేరు కొసదాకా దిగుతాయి. అక్కడే అసలు పన్ను మొగ్గ తయారవుతోంది. చీము దాన్ని తాకితే వచ్చే పన్ను గుంటలతో, గోధుమరంగుతో వస్తుంది. పాలపన్నుకు సిమెంటు నింపరు, మత్తిచ్చి తీసేస్తారు. ఈ వారంలోనే చేయించండి. బోనులో ఎక్కువసేపు ఉంచడం వల్లే ఊచలు కొరుకుతుంటాయి. లోపల చల్లటి రబ్బరు బొమ్మ వేసి, ఉంచే వేళ తగ్గించండి.

వీధిలో దొరికిన పిల్లను పెంచుకుంటున్నాం. ఎనిమిది నెలలు. వచ్చిన కొత్త పళ్లన్నీ గోధుమరంగు గుంటలతో, గరుకుగా ఉన్నాయి. తోమితే పోతాయా? – రాయపురం

పోవు. అది పాచి కాదు, పైపూత ఏర్పడకపోవడం. పన్ను చిగురు లోపల తయారయ్యే వారాల్లో డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకినా, తీవ్రమైన జ్వరం వచ్చినా ఆ పొర అక్కడికక్కడే ఆగిపోతుంది. పళ్లన్నిటికీ ఉందంటే మీ దగ్గరికి రాకముందు ఏదో పెద్ద జబ్బు తట్టుకుని బతికిన పిల్ల అని అర్థం. అలాంటి పళ్లకు చల్లదనం జివ్వుమంటుంది, పాచి త్వరగా పడుతుంది. గీకకండి. గట్టి బొమ్మలు ఇవ్వకండి, మెత్తటి బ్రష్‌తో రోజూ తోమండి. బాగా దెబ్బతిన్న పళ్లకు డాక్టరు పూత వేయగలరు.

బ్రష్ ఎప్పుడు మొదలుపెట్టాలి? మన టూత్‌పేస్ట్ వాడొచ్చా? – చాలామంది పాఠకులు

మన పేస్ట్ వాడకూడదు. కుక్క ఉమ్మదు, మింగుతుంది. మన పేస్ట్‌లోని ఫ్లోరైడ్ కడుపులోకి పోవడం మంచిది కాదు, కొన్నిట్లో జైలిటాల్ కూడా ఉంటుంది. కుక్కల కోసం చేసిన పేస్ట్ శనగగింజంత చాలు. అది లేకపోతే వట్టి నీళ్లతో తోమినా పాచి పోతుంది. పని చేసేది బ్రష్ రాపిడి. ఉప్పు, బొగ్గు పొడి వద్దు.

అలవాటు మాత్రం పిల్ల ఇంటికొచ్చిన వారం నుంచే మొదలవ్వాలి. మొదటి వారం పెదవి ఎత్తి చూసి వదిలేయడం. రెండో వారం తడిపిన గాజుగుడ్డ చూపుడువేలికి చుట్టి బయటివైపు చిగుళ్ల మీద రెండు సార్లు రాయడం. మూడో వారం ఆ గుడ్డకు పేస్ట్ రుచి చూపించడం. పళ్లు ఊడి రక్తం వస్తున్న చోట రుద్దకండి. ఆ వారాల్లో పెదవి ఎత్తి చూడటం మాత్రం మానకండి, చేయి అలవాటు పోకూడదు. ఏడో నెలకు పళ్లన్నీ వచ్చాక పసిపిల్లల మెత్తటి బ్రష్ పట్టండి. చిగురూ పన్నూ కలిసే గీత మీద బ్రష్‌ను ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న గుండ్రాలుగా ఒక్కోవైపు అర నిమిషం తోమండి. లోపలివైపును నాలుక కొంత శుభ్రం చేస్తుంది. బయటివైపు, ముఖ్యంగా పై దవడ వెనక పెద్దపళ్లను వదలకండి. లాలాజలం ఊరే గొట్టం అక్కడే తెరుచుకుంటుంది, గార మొదట అక్కడే కడుతుంది. మెత్తటి పాచి రెండు మూడు రోజుల్లో గట్టి గారగా మారుతుంది. మారాక బ్రష్‌కు లొంగదు. అందుకని రోజూ తోమాలి, అది కుదరకపోతే రోజు విడిచి రోజైనా.

ఏడో నెల నిండిన వారంలో ఒకసారి లెక్కపెట్టండి. పై దవడలో ఒక్కోవైపు పది, కింది దవడలో ఒక్కోవైపు పదకొండు ఉండాలి. ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే ఎక్స్‌రే తీయించండి. ఆ పన్ను అసలు పుట్టకపోయి ఉంటే పరవాలేదు. పుట్టి చిగురు కిందే ఉండిపోతే దాని చుట్టూ నీటితిత్తి పెరిగి, పైకి ఏ నొప్పీ చూపకుండా దవడ ఎముకను తినేస్తుంది. పగ్, బాక్సర్, షిట్జు లాంటి పొట్టిమూతి జాతుల్లో కింది దవడలోని మొదటి చిన్న దవడపన్ను చోటే ఇలా జరగడం ఎక్కువ. లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టండి.